సింగరకొండ కింద ఖాళీ జాగా

ఆంధ్రప్రదేశ్ దేవాదాయ, ధర్మాదాయ శాఖ కమిషనర్ గారికి,



సింగరకొండ మీద మీ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో చాలా భాగం గుడి గురించే ఉంటాయనుకుంటాను. హుండీ లెక్క, తలనీలాల వేలం, కొబ్బరికాయల కొట్టు పాట, క్యూలైన్ల రేకులు, కాటేజీలు. ఈ ఉత్తరం వాటి గురించి కాదు. గుడి బయట, కొండ పాదం చుట్టూ, భవనాశి చెరువు వైపు ఉన్న ఖాళీ నేల గురించి. ఏ రిజిస్టర్లోనూ ఆదాయం కింద రాయడానికి వీల్లేని నేల అది. చెప్పుల స్టాండుకు కూడా వేలంలో ధర పలుకుతుంది. జనం దుప్పటి పరుచుకుని కూర్చునే చోటుకు ఎవరు పాడతారు? అందుకే ఏ గుడికి ప్లాను గీసినా మొదట నిండేది ఇలాంటి జాగాయే. దాన్ని నింపకుండా ఉంచమని అడగడానికి రాస్తున్నాను.

నా గురించి ఒక ముక్క. అద్దంకి మండలంలో మిరప, పత్తి వేసుకుని బతికే ఇల్లు మాది. బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఏ పార్టీ కండువా లేదు, పాలకమండలిలో చోటు కావాలన్న కోరికా లేదు. ఈ రెండో మాట ముందే చెప్పకపోతే మా ప్రాంతంలో ఉత్తరం చివరిదాకా చదవరు.

మీరు ఈ కొండను ఎన్నడూ చూడకపోయి ఉంటే, పెద్దగా ఊహించుకోకండి. శ్రీశైలం లాగా అడవి లేదు, తిరుమల లాగా ఏడు వరసలు లేవు. మేదరమెట్ల నుంచి అద్దంకి వస్తుంటే నల్లరేగడి చేల మధ్య లేచిన ఒక చిన్న గుట్ట. పిల్లలు పందెం వేసుకుని ఒక్క ఊపులో ఎక్కేస్తారు. పైన లక్ష్మీనరసింహస్వామి, కింద దక్షిణం వైపు చూసే ప్రసన్నాంజనేయస్వామి. సింగన్న అనే భక్తుడు, పశువులు కాసే ఆయన కూతురు నరసమ్మ, రాతి మీద పాలు చేపిన ఆవు - ఆ కథ మీ రికార్డుల్లో ఉండే ఉంటుంది, మళ్లీ చెప్పను. కొండ నరసింహుడిదే గానీ జనం మాత్రం ఆంజనేయుడి దగ్గరే ఆగిపోతారు. ఆకుపూజ చేయిస్తారు, మొక్కు చెల్లిస్తారు, మెట్ల వైపు ఓసారి దండం పెట్టి బస్సెక్కుతారు. పైనున్న స్వామికి ఇది అలవాటైపోయినట్టుంది.

చిన్న గుట్టే అయినా దీని విలువ మా నేలను బట్టి తెలుస్తుంది. ఒంగోలు నుంచి నరసరావుపేట దాకా ఎటు చూసినా చేలు. ఉన్న కాసిని కొండల్లో రాయి మంచిదైతే అది కొండగా మిగలదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా వెళ్లింది. ఇటు బల్లికురవలో కొండలు దిమ్మలు దిమ్మలుగా లారీలెక్కి పాలిష్ ఫ్యాక్టరీలకు పోయాయి. వాటి వల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది, కాదనను. కానీ మా మనవలకు కొండ అంటే చూపించడానికి దేవుడున్న కొండే మిగిలింది.

ఇక తిరునాళ్ల. ఫాల్గుణ పౌర్ణమికి జరుగుతుంది. కోటప్పకొండలో శివరాత్రి అయ్యాక పక్షం దాటగానే మాకు ఇది వచ్చేస్తుంది. ఆ నెల ఎలాంటిదో అమరావతిలో కూర్చున్నవారికి చెప్పాలి. అప్పటికి మిరప కోతలు జోరు మీద ఉంటాయి. తెల్లారక ముందే కోతకు ముఠాలు దిగుతాయి, కళ్లాల్లో కాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. ఒక పక్క ఎండబెడుతూ, ఒక పక్క తాలు కాయ ఏరుతూ, ఒక పక్క గుంటూరు యార్డులో నిన్న ఏం ధర పలికిందో ఫోన్లో కనుక్కుంటూ ఉంటాం. ఒక్క మబ్బు పట్టిందా, ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని కళ్లానికి పరుగు. పత్తి ఆఖరి తీత అయిపోయి కట్టె పీకుతుంటారు. శనగ ఇంటికొచ్చి ఉంటుంది. పొగాకు వేసినవాళ్లు బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మేలుకుని మంట చూసుకుంటారు. ఏడాదిలో అందరూ ఒకేసారి అలిసిపోయే నెల అదే, అందరి చేతుల్లోనూ నాలుగు డబ్బులు ఆడే నెలా అదే.

అలాంటప్పుడు పున్నమి వస్తుంది. పగలు పని మానేసి వెళ్లే వీలు ఎవరికీ లేదు. అందుకే మా తిరునాళ్ల రాత్రిది. సాయంత్రం కూలీలకు లెక్క చూసి, కళ్లం మీద కాపలాకు ఎవరినో ఒకరిని పెట్టి - ఆ ఒకరు ఎవరనే దాని మీద ప్రతి ఇంట్లోనూ ఒక తగువు - తలారా స్నానం చేసి బయల్దేరతారు. వెనక ఎడ్లబండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు. ఎలా వచ్చినా దిగేది ఒక్కచోటే, ఆ ఖాళీ నేల మీద.

అక్కడ జరిగేది దర్శనం కంటే పెద్ద వ్యవహారం. ఏ ఊరివాళ్లు ఏ వైపు కూర్చుంటారో ఎవరూ గీత గీయలేదు, కానీ అందరికీ తెలుసు. మా ఊరు చెరువు కట్ట వైపు. పక్క ఊరివాళ్లు వేపచెట్ల వైపు. పంగులూరు వైపు ఇచ్చిన ఆడపిల్ల, కొరిశపాడు వైపు ఇచ్చిన ఆడపిల్ల, పుట్టింటివాళ్ల దుప్పటి ఎక్కడుంటుందో వెతుక్కోనక్కర్లేకుండా నేరుగా వచ్చి కూర్చుంటారు. పండక్కి అల్లుడి అలక తీరక పుట్టింటికి రాలేనివాళ్లు కూడా తిరునాళ్లకు వస్తారు, ఎందుకంటే అది ఎవరిల్లూ కాదు. ముఖాలు చూసుకోని అన్నదమ్ములు పక్కపక్క దుప్పట్ల మీద కూర్చుంటే, మధ్యలో పిల్లలు అటూ ఇటూ తిరిగి పులిహోర పంచి వస్తారు. మా పెదనాన్న వాళ్లకూ మాకూ గట్టు తగాదా వచ్చి చాలాకాలం రాకపోకల్లేవు. అవి మొదలైంది పెద్దమనుషుల పంచాయతీలో కాదు, ఈ నేల మీద. మా పెద్దమ్మ గారెల బుట్ట మూత తీసి ఎవరి వంకా చూడకుండా మా వైపు జరిపింది. మా నాన్న ఒకటి తీసుకున్నాడు. అంతే. గట్టు ఇప్పటికీ తెగలేదు, మాటలు మాత్రం కలిశాయి.

పెళ్లిచూపులకు ముందు జరిగే చూపులు కూడా ఇక్కడే. పిల్ల కుటుంబానికి తెలియకుండా, తెలిసినా తెలియనట్టు ఉండగా, పిల్లాడి తరఫు వాళ్లు దూరం నుంచి చూసి పోతారు. జీళ్లు, ఖర్జూరం, బత్తాసాలు, చెరుకు గడలు, గాజుల కొట్లు, రంగులరాట్నం, పచ్చి మిరపకాయ బజ్జీలు. పొద్దుగూకులూ మిరపకాయ ఘాటులో ముక్కు తుడుచుకుని వచ్చినవాళ్లం మళ్లీ బజ్జీల బండి దగ్గరే మూగుతాం. దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

ప్రభల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఖాళీ నేల కావాల్సింది వాటికి కూడా. పండగ కబుర్లలో ప్రభ ఒక్క రాత్రి వెలిగే దీపాల గోడలా కనిపిస్తుంది. ఊళ్లో అది నెల రోజుల పని. ముందు రామాలయం అరుగు మీద కూర్చుని ఈ ఏడు కట్టాలా వద్దా అని ఒక మాట అనుకుంటారు. వద్దని ఎవరూ అనరు, కానీ అడగాలి. తర్వాత ఇంటికింత అని వసూలు. పంట పోయినవాడి దగ్గర అడగకుండా దాటిపోవడం ఒక మర్యాద. ఆ మర్యాద తనకు దక్కకూడదని వాడు ఎదురొచ్చి ఇవ్వడం ఇంకో మర్యాద. సరుగుడు బాదులు, వెదురు బొంగులు, మోకులు తెస్తారు. చట్రం నేల మీదే పడుకోబెట్టి కడతారు. కట్టేవాళ్లలో చదువుకున్న ఇంజనీరు ఎవరూ ఉండడు. ఏ ముడి ఎక్కడ వెయ్యాలో, ఎంత ఎత్తుకు ఎంత అడుగు వెడల్పు కావాలో వాళ్ల చేతులకు తెలుసు.

లేపే ఘడియ చూడాలి. మధ్య నిట్రాటికి కట్టిన మోకుల్ని నాలుగు దిక్కులా మనుషులు పట్టుకుంటారు. ముందువైపు వాళ్లు లాగుతుంటే వెనకవైపు వాళ్లు కొంచెం కొంచెంగా వదులుతారు. వదలడమే అసలు పని. ఎక్కువ వదిలితే ముందుకు పడుతుంది, బిగబడితే లేవదు. ఒక పెద్దాయన అన్నిటికీ దూరంగా నిలబడి, చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని, వాలు చూసి అరుస్తుంటాడు. "కట్టేపు రెండు చేతులు వదలండ్రా... చాలు!" ఆయన చెయ్యి దించేదాకా ఎవరూ మాట్లాడరు. నిలబడ్డాక కుర్రాళ్లు కోతుల్లా పైకెక్కి బల్బుల దండలు సరిచేస్తారు. కింద జనరేటర్ దడదడలాడుతుంది. ఒక్కసారి మీట వేస్తే, నడుస్తున్నట్టు, పూస్తున్నట్టు, గిరగిరా తిరుగుతున్నట్టు రంగులు. అటు పక్క ఊరి ప్రభ వెలగగానే మనవాళ్లు చప్పట్లు కొట్టరు, తల పైకెత్తి లెక్క చూస్తారు: మనదానికన్నా ఎత్తా?

ఇంత ఎత్తు ప్రభకు చుట్టూ ఎంత జాగా కావాలో ఆలోచించండి. అది పడుకోవాలి, లేవాలి, మోకులు నాలుగు వైపులా విశాలంగా దిగాలి. గాలి వీస్తే తట్టుకోవాలి, ఒకవేళ ఒరిగితే ఎవరి మీదా పడకూడదు. మధ్యలో ఒక షాపింగ్ కాంప్లెక్సు, ఒక ఆర్చీ, నాలుగు కరెంటు స్తంభాలు లేచాయంటే ప్రభ వాటి మధ్య ఇరుక్కుంటుంది. మాకు ఏ ప్రమాదం భయమో అదే ప్రమాదాన్ని సిమెంటుతో కట్టుకున్నట్టవుతుంది.

ఈ మాట ఎందుకంటున్నానో మీకు తెలుసు. 2025లో మన రాష్ట్రంలో దైవదర్శనానికి వెళ్లి జనం చనిపోయిన రోజులు మూడు వచ్చాయి. జనవరిలో తిరుపతిలో టోకెన్ల దగ్గర తొక్కిసలాట. ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు క్యూ పక్కన గోడ కూలింది. నవంబర్ 1న కాశీబుగ్గలో తొక్కిసలాట. కారణాలు ఒక్కోచోట ఒక్కోటి కావచ్చు. విచారణలు జరిపినవారే వాటిని చెప్పాలి. కానీ పేపర్లో ఆ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఒకటే తోచింది: జనాన్ని ఇరుకులోకి నడిపించిన చోటే ప్రాణం పోయింది. క్యూలైను అంటే జనాన్ని సన్నటి దారిలోకి తెచ్చే ఏర్పాటు. దర్శనానికి అది తప్పదు, కాదనడం లేదు. కానీ సింగరకొండ తిరునాళ్లకు వచ్చినవాళ్లలో అందరూ ఒకే గంటలో ఆ దారిలోకి దూరాలని రారు. "ముందు కూర్చుందాం, రద్దీ తగ్గాక వెళ్దాం" అనుకోవడానికి చోటుంది కాబట్టి వాళ్లు ఆగుతారు. కూర్చునే నేల లేకుండా చేస్తే అందరూ క్యూలోనే ఉంటారు. మీ బందోబస్తు ఫైల్లో ఖాళీ నేలను 'ఉపయోగంలో లేని స్థలం' అని ఎవరైనా రాస్తే, దయచేసి ఆ మాట కొట్టేయండి.

ఇది మా ఒక్క కొండ గొడవ కాదని కూడా గుర్తు చేస్తాను. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తిరునాళ్ల నేల మీద రైతు తనకు హక్కుందనుకుంటాడు, ఆ హక్కు జోలికి వస్తే ఎదురు తిరిగిన చరిత్ర ఉంది. 1909 ఫిబ్రవరిలో శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లలో పోలీసులకూ జనానికీ మొదలైన గొడవ కాల్పుల దాకా పోయింది. ప్రభ బండి ఎడ్లు బెదిరిన దగ్గరే అది రాజుకుందని మా వైపు చెప్పుకుంటారు. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే మనిషికి ఉరిశిక్ష పడింది. ఆయన మీద జానపదులు కట్టిన పాట ఇప్పటికీ బతికే ఉంది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఎంతో కాలం ఉండగా తిరునాళ్లలో మొదలైన తిరుగుబాటు అది. ఇప్పుడు అలాంటిదేదో జరుగుతుందని బెదిరించడం నా ఉద్దేశం కాదు. ప్రభ బండి వెనక నడిచేవాడు దాన్ని వినోదం అనుకోడు, అంతవరకే.

కోనసీమవాళ్ల ప్రభల తీర్థానికి 2023లో ఢిల్లీ దక్కింది. గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం దాని మీదే. టీవీలో చూసి సంతోషించాను, కొంచెం కుళ్లుకున్నాను కూడా. వాళ్ల ప్రభలు కనుమ నాడు వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక ఏరు దాటుకుంటూ మనుషుల భుజాల మీద వస్తాయి. రంగు గుడ్డలతో కళగా ఉంటాయి, పగటిపూట ఫొటోకు అందంగా పడతాయి. మావి పగలు చూస్తే బొంగులూ తీగలూ. రాత్రి వచ్చి చూసినవాడికే వాటి సంగతి తెలుస్తుంది. ఢిల్లీ కవాతు పొద్దున జరుగుతుంది కాబట్టి మా వంతు వచ్చే సూచన లేదు.

మారినవి చాలా ఉన్నాయి, అన్నీ చెడుకే అని ఏడవను. ప్రభల ముందు ఒకప్పుడు బుర్రకథ, హరికథ, తెల్లవార్లూ పద్యనాటకం. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ విన్న తరం మా అమ్మా వాళ్లది. గయోపాఖ్యానంలో కృష్ణుడికీ అర్జునుడికీ వాదం ముదిరేసరికి, ఎవరి వైపు న్యాయం ఉందో దుప్పట్ల మీదా వాదం మొదలయ్యేది. తర్వాత రికార్డింగ్ డాన్సులొచ్చాయి, వాటి మీద కేసులొచ్చాయి, వాటి వెంట డీజేలొచ్చాయి. డీజే పెట్టెల హోరుకు పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. నాకు వాటన్నిటికన్నా బాధగా ఉండేది ప్రభల మీద పార్టీల ఫ్లెక్సీలు. నడుమ ఆంజనేయుడు కొంచెం చిన్నగా, పక్కన నాయకుడు కొంచెం పెద్దగా. ఏ పార్టీనీ వేరు చేసి అనడం లేదు, అధికారం మారితే మొహం మారుతుంది, కొలత మారదు. ఊరంతా ఇంటికింత వేసుకుని కట్టాల్సిన ప్రభకు ఒక్కరే డబ్బు పెట్టడం మొదలైన రోజునుంచి ఇది వచ్చింది. ఇందులో మీ శాఖ చెయ్యగలిగేది కొంత ఉంది, అది చివర చెబుతాను.

ఎడ్ల సంగతి వేరు. బండలాగుడు పందేలకు ఇప్పటికీ జనం విరగబడతారు. పాలపళ్ల దూడల నుంచి, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పళ్లను బట్టి విభాగాలు. పైన జూనియర్లు, సీనియర్లు. పొలంలో ఎద్దు లేదు, దున్నకం ట్రాక్టరుది, అయినా ఒంగోలు జాతి ఎడ్లను బిడ్డల్లా సాకే రైతులు ఊరికొకరో ఇద్దరో ఉన్నారు. బండలాగుడే లేకపోతే ఆ ఎడ్లు ఎప్పుడో కబేళాకు పోయేవి. వాటికీ నిడుపాటి ఖాళీ నేలే కావాలి. పార్కింగ్ టైల్స్ మీద గిట్టలు జారతాయి.

ఇప్పుడు కాస్త దూరం వెళ్లొస్తాను, మళ్లీ ఇక్కడికే వస్తాను. మా అక్క కూతురు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటుంది. పురుటికి సాయం వెళ్లినప్పుడు ఒక ఆదివారం నన్ను ఊరి చివర చిన్న మంచుకొండకు తీసుకెళ్లింది. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని పై నుంచి జారతారు. పెద్ద కొండేం కాదు, మన సింగరకొండకు చెల్లెలు. కింద ఒక చెక్క ఇల్లు, అందులో పొయ్యి, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు తెరిచి తింటున్న కుటుంబాలు, తాతలు నేర్పుతుంటే పడి లేచే పిల్లలు. టికెట్ కౌంటర్లో కూర్చున్నామె ఆ ఊరి టీచరట, జీతం లేకుండా వచ్చి కూర్చుంటుందట. మా పిల్ల అంది, ఇలాంటివి ఒకప్పుడు ఊరికొకటి ఉండేవట, ఇప్పుడు ఏరితే దొరుకుతాయట.

తర్వాత చదివి తెలుసుకున్నాను. న్యూ ఇంగ్లండ్ అనే ఆ ఆరు రాష్ట్రాల్లో మూతపడిన చిన్న స్కీ కొండలు ఆరువందలకు పైగా ఉన్నాయి. చలికాలాలు వెచ్చబడి మంచు సరిగా పడకపోవడం, బీమా ఖర్చు, హోటళ్లతో కలిపి కట్టిన పెద్ద రిసార్టులతో పోటీ, ఇవీ కారణాలు. అక్కడొకాయన 1998 నుంచి పనిగట్టుకుని ఆ పోయిన కొండలన్నిటి జాబితా కూర్చాడు. ఫొటోలు, పాత మ్యాపులు, అక్కడ నేర్చుకున్నవాళ్ల జ్ఞాపకాలు సేకరించాడు. వెర్మాంట్‌లో ఒక కొండను మాత్రం పోనివ్వలేదు. మ్యాడ్ రివర్ గ్లెన్ అని దాని పేరు. 1995లో అక్కడ జారేవాళ్లే సహకార సంఘంగా ఏర్పడి, వాటాలు కొనుక్కుని దాన్ని తమది చేసుకున్నారు. ఒక్కో మనిషి కూర్చునే పాతకాలపు కుర్చీ లిఫ్టును తీసి కొత్తది పెట్టకుండా బాగు చేయించుకుని నడుపుకుంటున్నారు. మన పాల సంఘాల పద్ధతే, మంచు మీద.

వాళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. వాళ్ల కొండ మూతపడితే గేటుకు తాళం పడుతుంది, అందరికీ తెలుస్తుంది. మన కొండ మూతపడదు. గుడి ఉంటుంది, జనం పెరుగుతారు, ఆదాయం పెరుగుతుంది, గోపురానికి రంగులు పడతాయి. కింద నేల మాత్రం ఏడాదికొక గజం చొప్పున మాయమవుతుంది, ఒక షెడ్డు, ఒక ప్రహరీ, ఒక వీఐపీ పార్కింగ్. ఏ ఒక్కటీ తప్పనిపించదు. ఒక ఏడు మా ఆడపిల్లలు వచ్చి దుప్పటి ఎక్కడ పరచాలో తెలియక, దర్శనం చేసుకుని అదే కారులో ఇంటికి వెళ్లిపోతారు. దానికి ఎవరూ జాబితా రాయరు.

అమెరికాలో ఉన్న మా వైపు పిల్లలు చాలామంది ప్రభకు డబ్బు పంపుతారు. ఫాల్గుణ పౌర్ణమి రాత్రి ఇక్కడ ప్రభ వెలిగితే వాళ్లకు పగలు, ఆఫీసులో ఫోను తెరిచి లైవులో చూస్తారు. వీడియోలో చూసేవాడు ప్రభను చూస్తాడు, నేలను చూడడు. అందుకే వాళ్లలో ఒకరు మంచి మనసుతో ఒక కల్యాణమండపం కట్టిస్తామంటారు, ఇంకొకరు ఆర్చీ అంటారు. దాతల్ని కాదనమని చెప్పను. ఎక్కడ కట్టాలో చెప్పే అధికారం మీది.

ఇక అడగాల్సినవి. ఇవన్నీ పెద్ద ఖర్చువి కావు.

ఆ నేలకు ఒక హద్దు కొలిపించి, ఇందులో శాశ్వత కట్టడం ఏదీ రాకూడదని దేవస్థానం తీర్మానంలో రాయించండి. కావాలంటే కట్ట వెంట చెట్లు వేయండి. వేప, కానుగ, రావి. మేం నీళ్లు పోస్తాం. కోనోకార్పస్ మాత్రం వద్దు.

ప్రభలు వచ్చే దారిలో కరెంటు తీగల్ని భూమిలోకి దించమని విద్యుత్ శాఖకు మీరు రాయండి. ఏటా లైన్‌మన్లు ప్రభల ముందు నడుస్తూ, సరఫరా ఆపుతూ, తీగలు తప్పిస్తూ, మళ్లీ కలుపుతూ రాత్రంతా తిప్పలు పడతారు. ఆ కుర్రాళ్ల ప్రాణం గురించి కూడా ఆలోచించాలి.

ఆడవాళ్లకు మరుగుదొడ్లు. ఇది రాయడానికి మొహమాటపడను. రాత్రంతా నేల మీద గడిపే తిరునాళ్లలో ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. చెరువు పక్కన కూర్చుని దాహంతో ఉండటం ఏం భక్తి? మూడు రోజులకు తెచ్చి పెట్టే రేకుల గదులు కాదు, నీళ్లు వచ్చే, లోపల గడియ పడే, దీపం వెలిగే గదులు కావాలి. ఖాళీ నేల అంచున, దాని మీద కాదు.

ప్రభ చట్రం మీద దేవుడి బొమ్మ, ఊరి పేరు తప్ప ఇంకేదీ ఉండకూడదని తిరునాళ్ల నిబంధనల్లో చేర్చండి. ఇందాక చివర చెబుతానన్నది ఇదే. అన్ని పార్టీలవాళ్లూ లోలోపల సంతోషిస్తారు. పోటీ పడి ఖర్చు పెట్టలేక వాళ్లూ అలిసిపోయారు.

మ్యూజియం కట్టమని అడగను, దానికి మళ్లీ బిల్డింగ్ కావాలి. అద్దంకిలో పాత ఫొటో స్టూడియోల దగ్గర తిరునాళ్ల నెగెటివ్‌లు ఉన్నాయి. ఇళ్లల్లో బొట్టు పెట్టి దండ వేసిన ఫ్రేముల వెనక ప్రభ ముందు దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలున్నాయి. మోకులు పట్టి ప్రభ లేపడం తెలిసిన పెద్దవాళ్లు ఊరికి నలుగురైనా మిగిలారు. దేవస్థానం ఒక మనిషిని పెట్టి, కొన్ని నెలలు ఊళ్లు తిప్పి, వాళ్లతో మాట్లాడించి రికార్డు చేయించవచ్చు. 848 నాటి పండరంగడి శాసనం మా అద్దంకిలో దొరికిందని పాఠ్యపుస్తకాల్లో వేసుకుంటున్నాం. ఎర్రన తిరిగిన ఊరని సభల్లో చెప్పుకుంటున్నాం. ఇప్పుడు మా కళ్ల ముందున్న పనితనం కోసం కూడా రాయి మీద చెక్కించే రాజు రావాలా?

భద్రత పేరుతో అభ్యంతరాలు వస్తాయని తెలుసు. రాత్రి బస వద్దు, పదకొండు గంటలకల్లా ఖాళీ చేయించాలి, ప్రభల సంఖ్య తగ్గించాలి అని ఎవరో ఒక నోట్ పెడతారు. పెట్టేముందు ఒకసారి ఆ రాత్రి వచ్చి చూడమనండి. ప్రోటోకాల్ కారులో కాదు, బస్సు దిగి నడుచుకుంటూ. ఎక్కడ చిన్నపిల్లలు నిద్రపోతారో, ముసలివాళ్లు ఎటు నుంచి గుడికి వెళ్తారో, తప్పిపోయిన పిల్లల్ని ఏ మైకు దగ్గరకు తీసుకొస్తారో చూస్తే, మీరు కొత్తగా పెట్టాలనుకునే ఏర్పాట్లలో కొన్ని అక్కడ ఎప్పట్నుంచో ఉన్నాయని తెలుస్తుంది. లేనివి మీరు పెట్టండి. ఉన్నవి చెడగొట్టకండి.

ఒక్క అభ్యర్థన సమయంతో సహా. ఈ విషయం మీద మాట్లాడాలనుకుంటే ఫాల్గుణం దాకా ఆగొద్దు. అప్పటికి బొంగులు కొని, జనరేటర్ మాట్లాడి, అడ్వాన్సులు ఇచ్చి ఉంటారు. ఎవరూ ఏ మాటా వినే స్థితిలో ఉండరు. సంక్రాంతి వెళ్లాక, మాఘమాసం మొదట్లో, ప్రభలు కట్టే ఊళ్ల నుంచి ఇద్దరిద్దరిని పిలిపించండి. ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా ఆడమనిషి ఉండాలని ఉత్తరంలోనే రాయండి, లేకపోతే పంపరు. సమావేశం ఒంగోలులో వద్దు, విజయవాడలో అసలే వద్దు. ఆ ఖాళీ నేల మీదే పెట్టండి. పొద్దున పూట మాత్రం వద్దు, మిరప కోతలుంటాయి. సాయంత్రం ఐదు తర్వాత అయితే అందరం వస్తాం.

ఇట్లు,
అద్దంకి మండలం నుంచి
ఒక రిటైర్డు టీచర్, రైతు ఇల్లాలు